తువ్వాలు కింద జవాబు

1958లో వేముల దగ్గరి పల్లెలో బడి చేతికి వచ్చిన నాడు నా దగ్గర ఉన్నవి ట్రైనింగు సర్టిఫికెట్టు, పులివెందుల గొర్రెల సంతలో మా నాయన వెంట దళారీగా తిరిగిన పదేళ్లు, ఇంకా ఖాయం కాని ఉద్యోగం. నాకు ముందున్న పంతులు పట్టాళంలో చేసి వచ్చినాయన. పిల్లల్ని వరసగా నిలబెట్టి, తప్పు చెప్పినోళ్లను బెత్తంతో కొట్టేవాడు. దాంతో లెక్క అడిగితే ఒక్కరూ నోరు తెరిచేవాళ్లు కాదు.

సంతలో మేము ధర పైకి చెప్పం. తువ్వాలు కప్పి, దాని కింద ఎదుటి మనిషి వేళ్లు పట్టుకొని చెప్తాం. బేరం చెడినా నలుగురిలో ఎవరి పరువూ పోదు. బళ్లోనూ అదే పెట్టినాను. జవాబు తప్పయితే నా వేళ్లు వెనక్కి తీసుకుంటాను, పిల్ల మళ్లీ లెక్కేసుకొని పట్టుకుంటుంది. గొర్లకాపరుల పిల్లలకు ఇది నేర్పే పని కూడా లేకపోయింది.

ఉద్యోగం ఖాయం చేయాలా వద్దా తేల్చడానికి జమ్మలమడుగు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చినాడు.

"పదహైదు మూళ్లు ఎంత?"

గొర్లు కాసుకొనే పెంచలమ్మ పెద్దకూతురు తిరుపాలమ్మ నేల చూసింది.

"రెండు తగిలించవయ్యా, అదే చెప్తుంది" అన్నాడాయన నాతో.

నేను తువ్వాలు పరిచినాను. ఆ పిల్ల దాని కింద పదులకు నావి నాలుగు వేళ్లు నొక్కి వదిలింది. తర్వాత ఒకట్లకు అయిదూ పట్టింది.

"నలభై అయిదంటాంది సార్."

"అంటున్నది నువ్వు. ఇది బడా, సంతా?"

"నమ్మకం లేకపోతే మీ చెయ్యి పెట్టండి."

పేడ అంటిన ఆ పిల్ల చేతిని చూసి ఆయన తన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"నేను దెబ్బలు తిని చదువుకున్నవాణ్ణి, వలి బాషా. బెత్తం వాడతానని రాసివ్వు, ఇప్పుడే సంతకం చేసి పోతాను."

"నేను బేరం చేసి బతికినోణ్ని సార్. కొట్టి ఎవర్నీ మా దగ్గరికి రప్పించుకోలేదు. రాసియ్యను."

'క్రమశిక్షణ లేదు' అని ఆయన రాసుకొని పోయినాడు. ఉద్యోగం ఖాయం కావడం ఏడాది వెనక్కి పోయింది.

నాలుగు రోజులకు పెంచలమ్మ వచ్చింది.

"కొడతానని రాసియ్యకుండా ఉద్యోగానికి ఎసరు తెచ్చుకుంటివంట. పిచ్చోడివా ఏందప్పా?"

"నీ కూతురు చెప్పింది సరైన జవాబే కదమ్మా."

ఆమె చిన్నకూతుర్ని ముందుకు తోసింది. "దీని పేరు గూడా రాసుకో. గొర్లను నేనే తోలుకపోతాలే."

పోయింది ఒక ఏడాది. వచ్చింది మంద వెనక తిరిగే ఇంకో ఆడపిల్ల. ఆ బేరం నాకు గిట్టుబాటే.