ఆగిన పంకా

ఎల్లాజీకి కాలు ఒకచోట నిలవదు. కొత్తవలసలో స్టూడియో తెరిచి కూర్చుంటే కుర్చీయే అతన్ని తోసేస్తున్నట్టుంటుంది. లేస్తాడు, వీధి చివరిదాకా వెళ్తాడు, టీ అయినా తాగకుండా తిరిగొచ్చేస్తాడు. అలాంటివాడు పెళ్లి పందిట్లో తలంబ్రాల వేళకి మాత్రం పాతిన రాటలాగ నిలబడిపోతాడు. ఊపిరి కూడా బిగబడతాడు. అందుకే అతని తలంబ్రాల ఫొటోలకి శృంగవరపుకోట దాకా పేరు. పెళ్లికూతురి దోసిట్లోంచి జారిన బియ్యం ఏ గింజకి ఆ గింజ గాల్లో ఆగిపోయి ఉంటుంది.

ఆ పేరే ఈ మధ్య అతనికి గొంతులో ముల్లయింది. ఇన్నేళ్లుగా తీసినవన్నీ ఎవరో ఒకరు సరిచెయ్యమన్నవే. పెళ్లికూతుర్ని ఇంకాస్త తెలుపు చెయ్యమనేవాళ్లు, తోడికోడల్ని ఫొటోలోంచి లేపెయ్యమనేవాళ్లు, మావగారి బట్టతల మీద మెరుపు తగ్గించమనేవాళ్లు. ఆ సరిచేతలన్నీ కంప్యూటర్లో చేసేది భార్య పద్మకుమారి. ఆవిడ అతనికి మేనమామ కూతురు. బావా అనే పిలుస్తుంది, తిట్టినా బావా అనే తిడుతుంది. ఎవరూ వేలుపెట్టలేని ఫొటో ఒక్కటి, తన పేరు పెట్టి స్టూడియో గోడకి తగిలించుకోగలిగింది ఒక్కటి తియ్యాలని ఎల్లాజీని లోపల్లోపల పురుగు తొలిచేస్తోంది.

అలాంటి రోజుల్లో విజయనగరం నుంచి హరిచరణ్ ఫోన్ చేశాడు. ఎవరి పెళ్లి ఆల్బంలోనో ఈ తలంబ్రాలు చూశాడట. వాళ్లది తరాలుగా వీణ నేర్పే కుటుంబం. తండ్రి అనంతపద్మనాభం గారు మాత్రం వీణ గోడకి ఆనించేసి విమానాలు నడపడం నేర్పడానికి వెళ్లిపోయారు. ఆయన నడిపిన పాతకాలం విమానమే, ఒక రెక్కల జత మీద ఇంకో జత ఉండేది, తుక్కుగా పడుంటే హరిచరణ్ కొని ఏళ్లతరబడి బాగుచేయించాడు. ఇంక ఎగరడానికి దానికి అనుమతి అయిపోతోంది. ఈ ఆదివారం పొద్దుట ఒకసారి, సాయంత్రం ఒకసారి హరిచరణే దాన్ని ఎగరేస్తాడు. మర్నాడు రెక్కలు ఊడదీసి లారీలో ఎక్కించి, ఏదో ప్రదర్శనశాలలో కప్పుకి వేలాడదీసేస్తారు. పక్కన గోడ మీద అది గాల్లో ఉన్న ఫొటో ఒకటి కావాలి.

ఎల్లాజీ ఆ రాత్రి నుంచే మంచం మీద నిలవలేదు.

బొబ్బిలికి ఇవతల మెట్టపొలాల మధ్య పాత రన్‌వే ఒకటుంది. దాని మీద ఏడాదికోసారి కూడా విమానం దిగదు గాని, చుట్టుపక్కల రైతులు చోళ్లు, అదే రాగులు, ఆరబెట్టుకోవడానికి అంత బాగైన కళ్లం ఇంకోటి లేదు. ఆదివారం పొద్దున్నే వాళ్లని బతిమాలి టార్పాలిన్లు పక్కకి లాగించారు. గంగులు అనే పెద్దరైతు తన చోళ్లు రన్‌వే అంచుదాకా లాగి, ఇంక జరగనన్నాడు. ఆ ఇనప కొంగ తన గింజల మీద నుంచి గాని పోయిందంటే దాని రెక్క ఇరిచేస్తానని ఎల్లాజీకి చెప్పి, గొడుగేసుకుని కూర్చున్నాడు.

హరిచరణ్ తల్లి రాజరాజేశ్వరి గారు కూడా వచ్చారు. కారు పక్కన కుర్చీ వేస్తే కూర్చోలేదు. విమానం ఎగిరి దిగేదాకా కొంగు భుజం చుట్టూ బిగించి, నుదుటికి చెయ్యి అడ్డుపెట్టుకుని నిలబడే ఉన్నారు.

విమానం లేచింది. ముక్కు మీద పంకా గిర్రున తిరుగుతుంటే పసుపు పచ్చటి ఆ పాత ఒళ్లంతా వణుకుతోంది. ఎల్లాజీ పెద్ద లెన్సు పెట్టి, కాళ్లు పాతి, ఊపిరి బిగబట్టి, అది దగ్గరకొచ్చిన ప్రతిసారీ నొక్కుకుంటూ పోయాడు. చేతులు వాటి పని అవి చేశాయి. దిగేసరికి అతనికి నమ్మకం కుదిరింది. ఈసారి దొరికింది అనుకున్నాడు.

కెమెరా వెనక తెర మీద మొదట రాజరాజేశ్వరి గారికే చూపించాడు. నీలం ఆకాశం, పసుపు విమానం, రెక్కల మధ్య బిగించిన తీగలు కూడా వేటికవే కనిపిస్తున్నాయి. ఆవిడ కళ్లజోడు సవరించుకుని చూశారు. దిగి నిలబడ్డ విమానాన్ని ఒకసారి, దాని పక్కన నూనెగుడ్డతో చేతులు తుడుచుకుంటున్న కొడుకుని ఒకసారి చూశారు.

"ఇంజను ఎక్కడ ఆగింది?" అని అడిగారు.

ఎల్లాజీకి అర్థం కాలేదు. ఆవిడ వేలు తెర మీద పంకా దగ్గర ఆగి ఉంది. పంకా రెక్కలు రెండూ చెక్కలో చెక్కినట్టు, మేకు కొట్టి బిగించినట్టు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అంతెత్తున, గాల్లో, ఆగిపోయిన పంకా.

హరిచరణ్ వచ్చి ఇంజను ఆగలేదన్నాడు. ఆవిడ వినలేదు. నా దగ్గర దాస్తున్నావన్నారు. ఆ మాట వెనక ఉన్న కథ అప్పుడు బయటపడింది. పెళ్లయిన కొత్తలో ఆవిడ ఇలాగే కింద నిలబడి చూస్తుంటే, భర్త నడుపుతున్న విమానం పంకా ఉన్నట్టుండి రెక్క రెక్కగా కనిపించిందట. తిరుగుతున్నంతసేపూ అది కనిపించదు, ఆగితేనే కనిపిస్తుంది. ఆయన ఎలాగో చెరకుతోటలో దింపి, బురద కాళ్లతో నడిచి ఇంటికొచ్చారు. ఆయనేమో నవ్వుకుంటూనే వచ్చారు గాని ఈవిడకి ఆ రెండు రెక్కలూ కళ్లలో ఉండిపోయాయి. ఇప్పుడు కొడుకు కూర్చున్న విమానానికి అవే కనిపించాయి.

సాయంత్రం ఎగరడం లేదు అన్నారు ఆవిడ. ఆ మాటకి ఎదురు చెప్పగలిగే కొడుకు కాదు హరిచరణ్.

ఎల్లాజీ కెమెరా తిప్పి నంబరు చూసుకున్నాడు. తలంబ్రాల నంబరు. కెమెరా రెప్ప ఎంత వేగంగా మూసుకుంటే గాల్లో గింజ ఆగుతుందో అంత వేగం. గింజని ఆపేది పంకాని ఆపదా? కెమెరా పట్టుకున్న ప్రతివాడికీ తెలిసిన సంగతే, ఇంట్లో తిరుగుతున్న ఫేన్ని ఫోన్లో తీసిన పిల్లలకి కూడా తెలుసు. అతనికీ తెలుసు. నంబరు తిప్పే బొటనవేలికి తెలీదు. ఇరవై ఏళ్ల అలవాటు ఆ వేలిది.

వ్యాన్లో లాప్‌టాప్ ముందు కూర్చున్న పద్మకుమారి దగ్గరకి వెళ్లి జరిగింది చెప్పాడు. వ్యాన్ చుట్టూ తిరుగుతూ చెప్పాడు. ఆవిడ అటూ ఇటూ మెడ తిప్పలేక, ఒకచోట నిలబడి ఏడవమంది.

"దానికింత బాధేటి బావా? మొన్న కళ్లు మూసుకున్న పెళ్లికూతురికి కళ్లు తెరిపించినాను. పంకా తిప్పలేనేటి?"

అంటూనే తిప్పేసింది. అతను వ్యాన్ చుట్టూ ఇంకో చుట్టు తిరిగొచ్చేసరికి తెర మీద రెక్కలు కరిగిపోయి, ముక్కు దగ్గర పల్చటి వలయం నిలిచింది. తప్పు పట్టడానికి లేదు. తీగలు తీగల్లాగే ఉన్నాయి, పంకా తిరుగుతోంది. ముసలావిడకి చూపించమని, ఆవిడ గుండె కూడా కుదుటపడతాదని పద్మకుమారి లాప్‌టాప్ అతని చేతుల్లో పెట్టింది. అందులోనూ న్యాయం ఉంది.

తీసుకెళ్లాడు. రాజరాజేశ్వరి గారు చాలాసేపు చూశారు. ఇందాకటిది వేరే ఫొటో, ఇది వేరే ఫొటో అనుకున్నారు కాబోలు, కుర్చీలో కూర్చున్నారు. పొద్దుటినుంచి ఆవిడ కూర్చోవడం అదే మొదలు. హరిచరణ్ అయితే పొంగిపోయాడు. గోడకి ఇదే, కింద మీ పేరు కూడా వేయిస్తానన్నాడు.

అక్కడికి పని అయిపోయింది. వ్యానెక్కితే చీకటి పడకుండా కొత్తవలస చేరిపోవచ్చు. ఎల్లాజీ విమానం దాకా వెళ్లి, దాని పంకా మీద చెయ్యి వేశాడు. కర్ర ఎండకి గోరువెచ్చగా ఉంది. వెనక్కి వచ్చాడు. మళ్లీ వెళ్లాడు. గంగులు గొడుగు కింద నుంచి, ఏటిరా బాబూ, ఏదైనా పారేసుకున్నావేటి అని అడిగాడు. ఎల్లాజీ నేరుగా రాజరాజేశ్వరి గారి కుర్చీ దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"అమ్మగారూ, పొద్దుట ఇంజను ఆగనేదండి. ఆపింది నాను. ఇప్పుడు తిప్పింది మా ఇంటిది. ఇందులో మీ అబ్బాయిగారు ఎగిరింది ఎక్కడా నేదు."

ఆవిడ కోప్పడతారనుకున్నాడు. కోప్పడలేదు. ఎలా ఆపావని అడిగారు. చెప్పాడు. తలంబ్రాల సంగతీ, బొటనవేలి సంగతీ అన్నీ చెప్పాడు. నెమ్మదిగా రెప్పవేస్తే పంకా తిరిగినట్టే పడుతుంది, కాని ఆ నెమ్మదిలో విమానమూ కదిలిపోతుంది, తన చెయ్యీ కదిలిపోతుంది. విమానంతో పాటు కెమెరా కూడా సరిగ్గా దాని వేగంతోనే తిరిగితే తప్ప మిగతాదంతా అలికేసినట్టయిపోతుంది. అలాంటి ఫొటో తను ఎప్పుడూ తియ్యలేదు. అదీ చెప్పాడు.

"మళ్లీ ఎగిరితే తీస్తావా?"

"తీస్తానండి. కుదురుతాదో నేదో సెప్పలేను."

ఆవిడ రన్‌వే వైపు చూశారు. ఎల్లాజీకి అప్పుడు తన మాట బరువు తెలిసింది. తన గోడ మీద ఒక ఫొటో కోసం ఈ ముసలావిడని ఇంకోసారి నుదుటికి చెయ్యి పెట్టుకుని నిలబడమంటున్నాడు. వద్దులెండి అనబోయాడు. ఆవిడే ముందు లేచారు.

"వెళ్లిరా నాన్నా," అన్నారు కొడుకుతో. "ఆగలేదంటున్నాడుగా."

ఎండ వాలి, పొలాల మీద వెలుతురు బెల్లం పాకం రంగుకి తిరిగాక విమానం లేచింది. ఎల్లాజీ నంబరు బాగా దించేశాడు. ఎప్పటిలాగే కాళ్లు పాతాడు, ఊపిరి బిగబట్టాడు. విమానం వచ్చింది, వెళ్లింది. చూసుకుంటే పసుపు మరక. ఇంకోసారి వచ్చింది. మరకే, కాస్త పొడుగు మరక. నడుము తిరగడం లేదు. రాయిలా నిలబడడం అంత బాగా నేర్చుకున్నాడు మరి. చేతులు విమానంతో వెళ్తున్నాయి, మిగతా ఒళ్లు పెళ్లి పందిట్లోనే ఉండిపోతోంది. చెమట కళ్లలోకి దిగింది.

హరిచరణ్ చెయ్యి ఊపాడు. ఇంక దిగిపోతున్నాడు, ఇదే ఆఖరు.

ఈసారి ఎల్లాజీ ఊపిరి వదిలేశాడు. కాళ్లని కూడా వదిలేశాడు. విమానం కొబ్బరిచెట్ల మీద నుంచి రాగానే కెమెరా కంటికి ఆనించి, దానితో పాటు నడిచాడు, దానితో పాటు తిరిగాడు. నొక్కిన వేలు ఎత్తలేదు. కింద ఏముందో చూసుకోలేదు. గంగులు ఆరబోసిన చోళ్లలోకి చీలమండల దాకా దిగిపోయి, గింజల్లో జారుతూనే తిరిగాడు. చోళ్లు నాలుగు వైపులా చిమ్మాయి. వెనక నుంచి గంగులు తిట్లు వినిపించాయి గాని అవి ఎవరి గురించో అన్నట్టు వినిపించాయి. విమానం దాటిపోయింది. ఎల్లాజీ టార్పాలిన్ మీద చతికిలబడ్డాడు.

విమానం దిగి, పంకా ఆగి, అది ఆగడం అందరూ దగ్గరుండి చూశాక, రాజరాజేశ్వరి గారు కెమెరా అడిగి తీసుకున్నారు. ఒక్కొక్కటే జరుపుతుంటే ఎల్లాజీ సిగ్గుతో గింజలు దులుపుకుంటూ నిలబడ్డాడు. అలికినవి, తోక తెగినవి, వట్టి ఆకాశం. ఆవిడ వేలు ఒకచోట ఆగింది.

అందులో రెక్కల కొసలు చెదిరిపోయాయి. తోక ఉందో లేదో తెలీదు. వెనక కొబ్బరిచెట్లు పచ్చటి గీతలైపోయాయి. మధ్యలో హరిచరణ్ తల, కళ్లద్దాలు మాత్రం నిలిచాయి. ముక్కు మీద పంకా లేదు. పంకా ఉండాల్సిన చోట సాయంత్రపు వెలుతురు పళ్లెంలా తిరుగుతోంది.

"ఇది," అన్నారు ఆవిడ.

హరిచరణ్ తొంగిచూసి, బాగా చెదిరిందమ్మా, కంప్యూటర్లో చేసిందే నయం అన్నాడు. నెమ్మదిగానే అన్నాడు గాని ఎల్లాజీకి గుచ్చుకుంది.

"నువ్వు లోపల కూర్చుంటావు, నీకేం తెలుస్తుంది," అన్నారు ఆవిడ. "కింద నుంచి చూసేవాళ్లకి ఇలాగే ఉంటుంది."

కెమెరా మాత్రం తిరిగివ్వలేదు. కారు దగ్గరకి నడుస్తూ కూడా అదే చూస్తున్నారు. ప్రదర్శనశాల గోడకి ఏది వెళ్తుందో తల్లీకొడుకులు ఇంకా తేల్చుకోలేదు.

ఎల్లాజీకి కాళ్లు మళ్లీ మొదలయ్యాయి. అది మంచి ఫొటోయా, ఒక ముసలావిడ భయానికి సరిపోయిన చెడ్డ ఫొటోయా? ఆఖరికి కెమెరాలోని కార్డు చేతికి రాగానే వ్యాన్ దగ్గరకి పరిగెత్తినంత పని చేసి, లాప్‌టాప్‌లో పెట్టించి, పద్మకుమారి వెనక నిలబడ్డాడు. ఆవిడ అలవాటు ప్రకారం ఫొటో పెద్దది చేసి మూలమూలలా వెతికింది. రెక్క కొస దగ్గర ఆగింది, చెట్ల దగ్గర ఆగింది, హరిచరణ్ మొహం దగ్గర చాలాసేపు ఆగింది. చేతిలో మౌసు కదలడం మానేసింది.

"ఏటే, సెప్పవేటి?" అన్నాడతను.

"ఏటి సెప్పమంటావు బావా," అంది పద్మకుమారి, తెర మీద నుంచి కళ్లు తియ్యకుండా. "ఇందులో నాను సెయ్యడానికేటీ నేదు."