ఐదో బొమ్మ

"ఆదివారం పూట కూడా వాటికి మేత వెయ్యాలా? ఇంట్లో మనుషుల్ని చూసుకోడానికి మాత్రం నీకు తీరదు," అన్నాడు భర్త, సోఫా మీంచి కాళ్లు దించకుండానే. ఆమె ఆ కాళ్ల కింద ఊడ్చి, చీపురు మూల పెట్టి, చెప్పులు వేసుకుంది. ‘మేత’ అన్న మాట కనిపెట్టినందుకు అతనికి తన మీద తనకే ముచ్చట. "మా ఆవిడ కేన్సర్ని పెంచుతుంది" అన్నది అతని రెండో హాస్యం. ఇంటికి ఎవరొచ్చినా రెండూ వరసగా వడ్డిస్తాడు. అత్తగారు ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వుతుంది. తల్లీకొడుకులు రెండు జోకులతో ఒక జన్మ వెళ్లదీసేయగలరని పెళ్లయిన మొదటి ఏడే ఆమెకు అర్థమైంది.

కేన్సర్ని పెంచే మాట నిజమే. ల్యాబులో కణితి కణాలకు రోజు విడిచి రోజు తిండి మార్చాలి. ఆదివారమని అవి ఆకలి మానుకోవు. ఆ ల్యాబు పెద్దసారు గొట్టం పట్టి చుక్క కొలిచి పదిహేనేళ్లయింది. తెల్లకోటు ఫొటోలకి మాత్రం తొడుక్కుంటాడు. అందుకని మనసులో ఆమె ఆయన్ని ‘ఫొటోకోటు’ అంటుంది.

కణితిలో కోట్ల కణాలుంటే, వాటిలో ఏ కొన్నో మూలకణాలు. మందుకి మిగతావన్నీ చచ్చినా అవి నక్కి ఉండి కణితిని మళ్లీ మొలిపిస్తాయి. కణితి కణం ఒంటి మీద ఒక ప్రొటీన్ ఉంటుంది. చంపడానికి వచ్చిన రక్షక కణాన్ని అది ఆపేస్తుంది. దాని పని అంతేనని ల్యాబులో అందరి నమ్మకం. ఒకరోజు ఆమెకు అదే ప్రొటీన్ మూలకణం లోపల, నడిమధ్య కేంద్రకంలో, కనిపించింది. ఆపడానికి అక్కడ ఎవరున్నారు? కణాల్ని పెంచే ఆ గాజు పళ్లెంలో రక్షక కణం ఒక్కటీ లేదు. ఆమె ఆ ప్రొటీన్ తయారుకాకుండా చేసి చూసింది. మూలకణాలు ముద్దలు కట్టి పెరగడం మానేశాయి. అంటే బయట కాపలా కాస్తున్నదే, లోపల కూర్చుని వాటి మొండి ప్రాణాన్ని కూడా నిలబెడుతోంది.

"రంగు సరిగ్గా కడిగుండవమ్మా. ఏ వంట సంగతో ఆలోచిస్తూ చేసుంటావు," అన్నాడు ఫొటోకోటు, ఆమె మైక్రోస్కోపులో తీసిన బొమ్మల వైపు చూడకుండా. ఆమె నాలుగుసార్లు చేసింది. నాలుగుసార్లూ అదే వచ్చింది. ఐదోసారికి ఆయన "నేను ముందే అనుకున్నాను" అన్నాడు. ఆ నెల నుంచి అది ‘నా ఆలోచన’ అయింది. వ్యాసంలో మొదటి పేరు ఆయనది. అదీ ఆమె మింగింది. ఇంట్లో మింగే అలవాటున్న గొంతుకి బయట ఇంకొకటి ఎక్కువేం కాదు.

మింగుడు పడనిది వ్యాసంలో ఐదో బొమ్మ సంగతి. బయటి ప్రొటీన్ని కప్పేసే మందు వేస్తే ఆమె పళ్లేల్లో మూలకణాలు చెక్కుచెదరలేదు. మందు లోపలికి పోదు, లోపలిది తన పని తాను చేసుకుపోతోంది. ఫొటోకోటు ఆ బొమ్మ తీసేయమన్నాడు. "కథ అడ్డదిడ్డమైపోతోంది. మందు మూలకణాల్ని కూడా చంపుతుందని రాస్తే చదవడానికి బాగుంటుంది."

సోమవారం ఆయన ఉపన్యాసానికి కేన్సర్ వార్డు డాక్టరమ్మ వచ్చింది. అంతా విని ఒకటే అడిగింది. "నా దగ్గర పదిహేడు మంది ఈ మందు మీదే ఉన్నారు. వాళ్లలో ఆ మూలకణాలు చస్తాయంటారా?"

"ఖాయంగా," అన్నాడు ఫొటోకోటు. వెనక వరస వైపు తిరిగి, "అమ్మాయ్, డాక్టరుగారికి టీ చెప్పు," అన్నాడు.

నలభై రెండేళ్ల అమ్మాయి లేచి నిలబడింది.

"ఖాయం కాదండీ," అంది డాక్టరమ్మతో. "మా పళ్లేల్లో చావలేదు. మనుషుల్లో సంగతి మేం చూడలేదు. చూడకుండా ఖాయమని ఎలా అంటాం? బొమ్మ ఉంది, చూపిస్తాను."

ఫొటోకోటు నవ్వబోయి, సగంలో ఆ నవ్వుని ఏం చేయాలో తోచక అలాగే ఉండిపోయాడు. ఇన్నాళ్లూ ఈ మనిషికా తను భయపడింది? ఆమెకు కోపం రాలేదు. చేతికి అంటిన జిగురు చూసుకున్నప్పుడు కలిగే రోత కలిగింది. డాక్టరమ్మ వచ్చి ఆమె పక్క కుర్చీలో కూర్చుని, బొమ్మ చూసి, అడగాల్సినవన్నీ అడిగి, రాసుకుని వెళ్లింది.

మధ్యాహ్నం భర్త ఫోను చేశాడు. కబురు అప్పుడే అతని దాకా వెళ్లింది. "నలుగుర్లో పెద్దాయన పరువు తీశావట. కాస్త సర్దుకుపోతే నీ సొమ్మేం పోయింది?"

"నాదేం పోదు. పోయేది ఆ పదిహేడు మందికి," అని పెట్టేసింది.

ఫొటోకోటు తలుపు దగ్గరికొచ్చి, ఈసారి మెత్తగా, "ఆ ఒక్క బొమ్మ వదిలెయ్యమ్మా, వ్యాసంలో నీ పేరు ఒక మెట్టు పైకి జరుపుతాను," అన్నాడు. ఆమె తల ఎత్తలేదు. వ్యాసం వెళ్లిన పత్రిక సంపాదకుడికి ఉత్తరం టైపు చేస్తోంది.

"ఐదో బొమ్మ లేకుండా ఈ వ్యాసం వేసేటట్టయితే, నేను చేసిన ప్రయోగాలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. అవి తీసేశాక మిగిలేది మా పెద్దసారు పేరు. దాన్ని మీరు నిరభ్యంతరంగా అచ్చు వేసుకోవచ్చు."

ఆయన వెనక్కొచ్చి తన భుజం మీంచి అంతా చదివేదాకా ఆగి, పంపింది.