మూడు చెంబుల లెక్క

ఆ రోజు ఇంట్లో ఉన్నది అమ్మమ్మ రామవ్వ, మేం అవ్వ అని పిలిచే అమ్మ, అక్క ప్రవళిక, అక్క కన్న పదకొండు రోజుల పాప, నేను. బాపు మొదటి షిఫ్టుకు బొగ్గుబాయికి పోయాడు. మే నెల. పదకొండు గంటలకే నస్పూర్‌లో క్వార్టర్ మీది ట్యాంకు కాలిపోతోంది.

పాప బొడ్డు ముందురోజే ఊడింది. ఇదే తొలి స్నానం. అమ్మమ్మ స్నానాల గదిలో పీట మీద కూర్చుని కాళ్ళు చాపింది. ఆమె కొలత ఎప్పుడూ ఒకటే: మరిగిన నీళ్ళు ఒక చెంబు, నల్లా తిప్పి పట్టినవి మూడు చెంబులు. చేత్తో చూసినా లాభం లేదు. వట్టి చేతులతో పొయ్యి మీది గంజులు దించీ దించీ ఆ వేళ్ళకు వేడి తెలియదు.

సెలవుల్లో రోజూ నీళ్ళ ఉష్ణోగ్రత రాసుకురమ్మని మా సైన్సు టీచర్ కరుణాకర్ సార్ నాకు థర్మామీటర్ ఇచ్చారు. కాసేపటి ముందే చూశాను, ట్యాంకులోంచి వచ్చే నల్లా నీళ్ళు నలభై నాలుగు డిగ్రీలు, రంజన్ మట్టికుండలోవి ఇరవై తొమ్మిది. అమ్మమ్మ బకెట్‌లో నీళ్ళు కలుపుతుంటే మనసులో లెక్క వేశాను. రెండూ నీళ్ళే కాబట్టి విశిష్టోష్ణం రెండు వైపులా కొట్టేయొచ్చు. మరిగిన చెంబు పోగొట్టుకున్న ఉష్ణం, మిగతా మూడు తీసుకున్న ఉష్ణం సమానం కావాలి. అది నలభై రెండు డిగ్రీలు దిగితే, ఇవి తలా పద్నాలుగు ఎక్కుతాయి. యాభై ఎనిమిది! పాప ఒళ్ళు బొబ్బలెక్కుతుంది.

నేను ఇంట్లో గట్టిగా మాట్లాడను. ఆ రోజు మాట్లాడాను.

"అమ్మమ్మా, ఆగు. గా నీళ్ళు పొయ్యకు."

"ఏడుగురు పిల్లలకు పోసిన గీ చేతులతోని. నీకు గూడ పోసిన. ఏమన్న అయ్యిందా?"

"మేమంత చలికాలంల పుట్టినం. అప్పుడు నల్లా నీళ్ళు ఇరవై డిగ్రీలుంటయ్. కలిపితే నలభై. ఇప్పుడట్ల కాదు."

"ఓ పంతులమ్మా! పది పాసే కాలే, నాకు నేర్పుతుందట."

థర్మామీటర్ తెచ్చాను. అవ్వ చేయి అడ్డం పెట్టింది. "పసిపిల్ల నీళ్ళల్ల గాజుపుల్ల పెడ్తవా? పగిలితే?"

చేయి ముంచి తీశాను. వేళ్ళు ఎర్రబడ్డాయి.

"నీయి లేత చేతులు" అని నవ్వింది అమ్మమ్మ.

"పాప నాకన్న లేత గదా!"

అవ్వ పాపను అమ్మమ్మ కాళ్ళ మీదికి వంచుతోంది. నేను బకెట్ పట్టుకుని నీళ్ళన్నీ మోరీ తూములోకి వంచేశాను. అవ్వ నా వీపు మీద ఒక్కటేసింది. అయినా బకెట్ వదల్లేదు.

"అక్కా, రంజన్ నీళ్ళు ఇరవై తొమ్మిది. నల్లావి మూడు చెంబులు, రంజన్‌వి రెండు. ముప్పై ఎనిమిదైతయ్. ఉడుకు నీళ్ళు అసలే వద్దు."

"రంజన్ నీళ్ళా? సర్దైతది!" అని అరిచింది అమ్మమ్మ.

అక్క మంచం మీంచి లేచి వచ్చి, నా ఎర్రటి వేళ్ళు పట్టుకుని చూసింది. తర్వాత రంజన్ దగ్గరికి పోయి, రెండు చెంబులు ముంచి తెచ్చి బకెట్‌లో పోసింది. మరిగిన నీళ్ళ గంజును తనే బయట పెట్టింది.

"గీ బిడ్డ నాది అమ్మమ్మా. గిట్లనే పొయ్యి."

అమ్మమ్మ ముఖం మాడ్చుకుని నల్లా తిప్పి మూడు చెంబులు పట్టింది. కోపమంతా నా మీదే. నన్ను గడప అవతలికి నెట్టి, "పో, నీ లెక్కల పుస్తకానికి పోసుకో నీళ్ళు" అని తలుపు ధన్‌మని వేసింది.