మొకం మీద బొట్టు

నేను ఒక చిన్న లేతును. బల్ల మీద పెట్టుకునేంత దాన్ని. నన్ను చూసి కుట్టుమిషను అనుకున్నవాళ్లున్నారు, చెరకురసం తీసేదా అని అడిగినవాళ్లూ ఉన్నారు. మనుషులకు తిరిగేదేదైనా ఒకటే కాబట్టి నేనేమీ అనుకోను. నా మూతికి చక్కు అని మూడు దవడల పట్టు ఉంటుంది. అది ఇత్తడినో ఇనుమునో కరిచిపట్టుకుని గిరగిరా తిప్పుతుంది. ఎదురుగా టూలు, అంటే గట్టి ఉక్కుతో చేసిన ఉలి, దాన్ని తాకి గుండ్రంగా చెక్కుతుంది. పట్టు సరిగ్గా ఉండాలి, మొన సరిగ్గా ఉండాలి. ఏది తప్పినా చెక్కిన ముక్క మీద కనిపించిపోతుంది.

రాజ్‌కోట్‌లో ఇసుక అచ్చులో పోసి నన్ను తయారుచేశారు. మొదట ఒక బడికి వెళ్లాను. పిల్లలు చేతులు కోసుకుంటారని మేష్టారు నన్ను గదిలో పెట్టి తాళం వేశారు. ఎవరైనా పెద్దలు తనిఖీకి వస్తే తాళం తీసి చూపించి మళ్లీ వేసేవారు. అలా నేను ఒక్క ముక్కా చెక్కకుండానే పాతదాన్నయ్యాను. తరువాత అనకాపల్లిలో గ్యాస్ పొయ్యిలు బాగుచేసే ఆయన కొన్నాడు. ఆయనకు నా అవసరం మధ్యాహ్నం పూట పడేది, క్యారేజీ పెట్టుకోవడానికి. పప్పుచారు మరకలు నా ఒంటి మీద చాలాకాలం ఉన్నాయి.

నన్ను లేతుగా చూసిన మొదటి మనిషి దుంపల తవిటినాయుడుగారు. విశాఖపట్నంలో ఓడలు బాగుచేసే ఒక యార్డులో టైమాఫీసు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా అద్దాల కిటికీ వెనక కూర్చుని, అవతల షెడ్డులో పెద్ద పెద్ద లేతులు తిరగడం చూస్తూ గడిపాడు. ముట్టుకోవడానికి వీల్లేదు కదా, ఆ ఆశ అలాగే ఉండిపోయింది. రిటైరయ్యాక నన్ను వెతికి పట్టుకుని కంచరపాలెంలో తన ఇంటి వెనక వరండాలో దించాడు. అందుకోసం అక్కడున్న రుబ్బురోలు పెరట్లోకి పోయింది.

ఆయన భార్య పైడితల్లికి నేను అక్కడే గిట్టలేదు. "నా రోలు ఎండలోనట, ఈ ఇనప్ముక్క నీడలోనట. దీనికి మరి అన్నం కూడా నన్నే ఒండమంటావేటి బావా?" అంది. మేనత్త కొడుకునే చేసుకుంది కనుక ఆమెకు ఆయన ఎప్పటికీ బావే. నాయుడుగారు నవ్వి నూనెగుడ్డ అందుకున్నాడు. ఆ తరువాత చాలాకాలం ఆమె నా వైపు చూడకుండానే బట్టలారేసుకుంది.

ఒక దసరాకి మాత్రం విచిత్రం జరిగింది. ఆయుధపూజకి ముందురోజు నాయుడుగారు చక్కు విప్పి కిరసనాయిల్లో కడిగి పక్కన పెట్టాడు. చక్కు విప్పితే లోపల పళ్లెంలాంటి పలక ఒకటి ఉంటుంది, చక్కు ఆనుకుని కూర్చునేది దాని మీదే. యార్డులో దాన్ని ఫేసు అనేవారు. ఆయన దాన్ని మనభాషలోకి మార్చుకుని మొకం అనేవాడు. పూజసామానుకి బజారుకెళ్తూ, "ఒలే పైడీ, నేనొచ్చేలోగా దాని మొకం కొంచెం తుడిచి ఉంచు" అని చెప్పి వెళ్లాడు.

ఆమె తుడిచింది. పండగపూట కడిగిన మొకాన్ని బోసిగా ఎవరుంచుతారు? చిక్కగా పసుపు రాసి, నడుమ కుంకంబొట్టు పెట్టింది. ఆయన చేసేది ఓరకంట ఎన్నోసార్లు చూసింది కాబట్టి చక్కు కూడా తనే ఎత్తి తగిలించి, మూడు మరలూ బిగించింది. పైన బంతిపూల దండ వేసింది. నాయుడుగారు వచ్చి చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఇన్నేళ్లకు ఆమె నన్ను ముట్టుకుందన్న సంతోషంలో ఆయనకు ఇంకేమీ తోచలేదు. నాకూ తోచలేదు. నేనూ మురిసిపోయాను.

పండగ తరువాత నాకు పనేమీ పడలేదు. దీపావళి దగ్గరపడ్డాక పైడితల్లి అటకమీంచి వాళ్లమ్మ జంతికల గొట్టం దించింది. ఇత్తడిది, బరువైనది. లోపల పిండిని నొక్కే బిళ్ల పగిలి రెండైంది. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని రెండు ముక్కల్నీ కలిపి చూసింది. తరువాత లోపలికెళ్లి ఇత్తడి రోకలి తెచ్చింది, అదీ వాళ్లమ్మదే. దాని అడుగు గొట్టం లోపలి కొలత కంటే కాస్త లావు, అంతే.

"దీన్ని కోసి బిళ్ల సెయ్యి బావా. మా అమ్మవి ఈ రెండే ఉన్నాయి నాకాడ. ఒకటి పోయినా ఒకటి మిగులుద్దనుకుంటన్నాను. రెండూ పోగొట్టావంటే మాత్రం ఈ మిషను ఈ ఇంట్లో ఉండదు."

"చేత్తాదే. ఎందుకు చెయ్యదు" అన్నాడు నాయుడుగారు. అన్నాడు గాని, చెక్కిన లోహం మళ్లీ అతకదని ఆయనకు తెలుసు.

రోకలి అడుగు కోసి నాకు పట్టించాడు. టూలు తాకగానే కీచుమని అరుపు, ముక్క మీద అలలు అలలుగా గీతలు. టూలుని మరీ ముందుకు చాచి బిగించాడు, అందుకని అది వణికింది. వెనక్కి లాగి పొట్టిగా బిగిస్తే అరుపు పోయింది. కానీ ముక్క మధ్యలో ఆవగింజంత బొడిపె మిగిలిపోయింది. టూలు మొనకీ ముక్కకీ మధ్య ఉక్కు స్కేలు పెట్టి ఒత్తి చూశాడు. స్కేలు తల ఆయన వైపు వాలింది. మొన ముక్క నడిమధ్య కంటే కిందికి ఉందన్నమాట. విరిగిన రంపపు బ్లేడు ముక్క టూలు కింద దూర్చి ఎత్తు సరిచేశాడు. బొడిపె పోయింది. ఆయన మీసం కింద చిన్న నవ్వు వచ్చింది.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ముక్కను తిప్పి పట్టించి రెండో వైపు చెక్కితే, రెండు చెక్కుళ్లూ కలవలేదు. నడుమ మెట్టు పడింది. ముక్క తాగినవాడిలా ఊగుతోంది. దవడలు విప్పి తుడిచాడు. వాటి మీద అంకెలుంటాయి, ఆ వరసలోనే ఎక్కించాలి. కంగారులో మూడోదాన్ని ముందు దూర్చి, ఇంకా చెడగొట్టి, తిట్టుకుంటూ మళ్లీ సరిచేశాడు. అయినా ఊగుడు తగ్గలేదు. ఇలా ఊగుతుండగానే ఇంకా చెక్కితే బిళ్ల గొట్టంలో వదులైపోతుంది. నాకు అసలు సంగతి తెలుసు. మొకం మీద ఎండిన పసుపు బిళ్లకట్టి చక్కుని ఓరగా నెట్టింది. నా దగ్గర దవడలున్నాయి గాని నోరు లేదు.

పైడితల్లి వచ్చి ఆయన పక్కన నిలబడింది. కోప్పడుతుందనుకున్నాను.

"ఇంకొగ్గేయి బావా. ఉన్నకాడికి ఉండనీ. నీ చెయ్యి వణుకుతంది."

"నా చెయ్యి కాదే, చక్కు. దసరా ముందు బాగానే తిరిగింది. అప్పట్నించీ నేను విప్పనే లేదు."

"నాను బిగించింది సరిగ్గా లేదేటి? నువ్వు సెప్పినట్టే మొకం తుడిసి, బొట్టెట్టి, బిగించాను."

నాయుడుగారు ఆమె వైపు తిరిగాడు. "బొట్టెక్కడెట్టావే?"

"మొకానికే. మరెక్కడెడతారు?"

ఆయన చక్కు విప్పాడు. పసుపు రొట్టెలా అణిగి, దాని నడుమ బొట్టు ఎర్రగా అలాగే ఉంది. పైడితల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన పగలబడి నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, "తప్పు నీది కాదే, నాది. దాన్ని మొకమన్నది నేనే కదా" అన్నాడు. పసుపు గీకి, గుడ్డతో తుడిచి, చక్కు మళ్లీ బిగించాడు. ముక్క నిలకడగా తిరిగింది. సన్నగా ఒక్క పొర తీసి ఆపేశాడు. బిళ్ల గొట్టంలోకి నెమ్మదిగా, మెత్తగా దిగింది. ఆ సాయంత్రం తొలి వాయి జంతికల్లో ఒకటి తెచ్చి ఆమె నా బల్ల మీద పెట్టింది. నేను తిననని ఆమెకు తెలుసు. చీమలు తిన్నాయి.

ఆ తరువాత ప్రతి దసరాకీ నాకు బొట్టు పెట్టేది పైడితల్లే. ఎక్కడ పెట్టాలో ఆయన చూపించాడు, మోటారు పైన, దేనికీ తగలనిచోట. "ఇది నుదురు, అది మొకం" అని ఆమె నాకే పాఠం చెప్పేది. అవి నా మంచిరోజులు. అప్పుడు ఆ సంగతి తెలిసి ఉంటే ఇంకొంచెం నెమ్మదిగా తిరిగేదాన్ని.

ఒక వానాకాలం జ్వరంతో ఆసుపత్రికి వెళ్లిన పైడితల్లి మళ్లీ ఇంటికి రాలేదు. ఆ ఏడు ఆయుధపూజనాడు నాయుడుగారు ఒక్కడే వరండాలోకి వచ్చాడు. చక్కు విప్పాడు. మొకం శుభ్రంగా తుడిచాడు. పసుపు చిక్కగా కలిపి దాని మీద రాసి, నడుమ కుంకంబొట్టు పెట్టి, దాని మీద చక్కు తగిలించి మూడు మరలూ బిగించాడు. పండగ వెళ్లాక విప్పి తుడుస్తాడనుకున్నాను. తుడవలేదు.

మొన్న యార్డులో ఆయనతో పనిచేసిన స్నేహితుడు వచ్చి నన్ను ఊరికే తిప్పి చూశాడు. "నాయుడూ, నీ చక్కు ఊగుతంది. ఇప్పి సూడు, లోపలేదో అడ్డంపడింది" అన్నాడు.

"తెలుసు. అలాగుండనీ" అన్నాడు నాయుడుగారు, నా మీద చెయ్యి వేసి.