వెన్ను బయటికొచ్చేదాకా

"ఏడో మడి తనిఖీలో పాసైంది తాతా! ఒక్క కేళీ కూడా లేదట!"

ఒక చేతిలో కాగితం, మరో చేతిలో చెప్పులు పట్టుకుని ఆఫీసరమ్మ గట్టు వెంట పరుగెత్తుకొచ్చింది. విత్తన క్షేత్రంలో అందరూ 'ఆగుదాం తాత' అని పిలిచే ముసలాయన కాలువకు అడ్డుకట్ట వేస్తున్నాడు. రబ్బరు బూట్లతో మట్టిని గట్టిగా తొక్కాకే తలెత్తాడు. ఎండకు కమిలిన మొహం మెల్లగా విచ్చుకుంది.

ముప్ఫయ్యేళ్లుగా ఆయన పని ఒకటే: విత్తనానికి పెంచే వరిలోంచి వేరే రకం మొక్కల్ని, అంటే కేళీల్ని, ఏరెయ్యడం. అవి మిగిలితే మడి మొత్తం విత్తనానికి పనికిరాక మిల్లుకే పోతుంది.

ఆఫీసరమ్మ కొత్త. ఈ పంట మొదట్లో, పైరు మోకాలెత్తుండగానే, కాస్త పొడుగ్గా కనబడ్డదల్లా పీకించెయ్యమంది. ఆయన గట్టుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఇప్పుడు పీకితే మన పిల్లలే పోతాయమ్మా. వెన్ను బయటికి రానివ్వండి. ఏది ఏ ఇంటిదో అదే చెబుతుంది."

"పుప్పొడి కలిసిపోతేనో? సంతకం నాది తాతా!"

"చర్చిలో చెప్పే కథ వినలేదా? గోధుమల్లో గురుగులు మొలిస్తే కోతదాకా రెంటినీ పెరగనిమ్మన్నాడు ఆ పొలం యజమాని. నాకంత ఓపిక లేదు. వెన్నుదాకా చాలు."

వెన్నులు తొంగిచూసిన రోజే మడిలో దిగాడు. నడుము వంచి, ఒక్కొక్క దుబ్బునూ విడదీసి చూస్తూ, మూడు పొద్దుల్లో కేళీలన్నిటినీ వేళ్లతో సహా లాగేశాడు. నాలుగో పొద్దున పూత విచ్చింది. ఆ మూడు రోజులూ వెనకే నడిచిన ఆఫీసరమ్మ, ఆయన కన్నుగప్పిన ఒక దుబ్బును పట్టుకుంది. ఆ సంగతి తనే పట్టుకున్నంత గొప్పగా ఆయన ఊరంతా చెప్పుకున్నాడు.

మడి పాసైన కాగితం వచ్చిన మధ్యాహ్నం ఆయన భార్య అన్నం క్యారేజీ తెచ్చింది. కబురు విని నవ్వింది.

"పెళ్లిచూపులకొచ్చి కూడా ఆగుదామన్నాడమ్మా ఈయన. రెండేళ్లు!"

"ఆగాను కాబట్టే దొరికావు," అన్నాడాయన, ముద్ద నోట్లో పెట్టుకుంటూ. ఆవిడ బుగ్గలు ఇప్పటికీ ఎర్రబడ్డాయి.

ఆ రోజుతో ఆయన కొలువు పూర్తయింది. సాయంత్రం ఆఫీసరమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"ఇంకొక్క పంట ఉండండి తాతా."

"ఆగాల్సిన చోట ఆగానమ్మా. ఇది వెళ్లాల్సిన వేళ. మీకు కన్ను కుదిరింది."

భార్య చెయ్యి పట్టుకుని, చెప్పుల్లేని కాళ్లతో, నిటారుగా గట్టు దిగి వెళ్లిపోయాడు. వాళ్లు మలుపు తిరిగేదాకా చూసి, ఆఫీసరమ్మ కూలీలవైపు తిరిగింది.

"రేపు ఆరింటికల్లా రండి. గింజ కొరికి చూసి కోతెప్పుడో నేను చెబుతాను."

గట్టు మీద, మడమల దగ్గర బురద ఎండిన ఆయన రబ్బరు బూట్ల జత మడివైపు తిరిగి ఉంది.