అసిరయ్య ముక్కు, ఆదిబాబు చెవి

"అసిరయ్యా, ఇన్నావేటి? సోమారం నుండి గ్రీన్ కా మిస్త్రీ వత్తన్నాడంట! ఆఫీసుల మాటాడుకుంతన్నారు."

తోటి పనివాడు ఆదిబాబు అలా అనగానే తన పని పోయినట్టే అనుకున్నాడు అసిరయ్య. టెల్కో కాలనీ పక్కన లారీ విడిభాగాలు చేసే ఆ చిన్న వర్క్‌షాపులో ఇరవై రెండేళ్లుగా మిస్త్రీ తనే. రంగుకి వెళ్లే ఇనప రేకుల జిడ్డు వదిలించడం అతని పని. తల తిరిగే ద్రావకంలో రేకు ముంచి, తీసి, వాసన చూసి "అయిపోనాది" అనేవాడు. అందరూ అతన్ని ముక్కుసూటి మనిషి అనేవారు. నిజానికి ఉద్యోగమే ముక్కు మీద నిలబడింది.

సోమవారం మిస్త్రీ రాలేదు. కెమిస్టు లలితకుమారి వచ్చి, ద్రావకం తీయించి, సబ్బులాంటి మందు కలిపిన వేడినీళ్లు తొట్టిలో పోయించింది. పది రోజులు ట్రయల్ అంది.

మేడమ్ వెనకే మిస్త్రీ దిగుతాడనుకున్నాడు అసిరయ్య. కడిగిన రేకు వాసన చూశాడు. ఏమీ లేదు. వాసన లేని పనికి వాసెక్కడిది? కొత్తవాడొచ్చేలోగా తన పనితనం మెరవాలని ప్రతి రేకునీ జేబులోని పాత గుడ్డతో తళతళా తుడిచాడు. ఇరవై రెండేళ్ల గుడ్డ నమ్మకం!

నాలుగోనాటికి రంగు పొరలుగా ఊడింది.

"పాతదే నయం మేడమ్," అన్నాడు మేనేజరు నీలకంఠం.

లలితకుమారి రెండు రేకులు తెప్పించింది. "అసిరయ్యగారూ, రెండూ కడగండి. ఒకదాన్నే తుడవండి."

ఆమె రెంటిమీదా మంచినీళ్లు పోసింది. తుడవని రేకు మీద నీళ్లు పల్చటి తెరలా పరుచుకున్నాయి. తుడిచినదాని మీద విరిగి బొట్లు కట్టాయి. "జిడ్డున్న చోటే నీళ్లు ఇలా విరుగుతాయి," అంది.

అసిరయ్య గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "నూనేనమ్మా. నానే పూసీసినాను. గ్రీన్ కా మిస్త్రీ వచ్చి నా పని లాగీసుకుంతాడని..."

"ఏ మిస్త్రీ?"

అందరూ ఆదిబాబు వైపు చూశారు. ఆదిబాబు టీ గ్లాసులోకి చూశాడు.

లలితకుమారి నవ్వాపుకుంది. "గ్రీన్ కెమిస్ట్రీ! మనిషి కాదండీ, పద్ధతి. విషం వాడాక దాన్ని ఎక్కడ పారబొయ్యాలా అని వెతుక్కోవడం కాదు, అసలు విషం లేకుండానే పని చెయ్యడం. ముందు ముందు ఈ నీళ్లు కూడా వడగట్టి మళ్లీ ఇదే తొట్టిలో పోస్తాం. కానీ నీటి తెర విరిగిందో లేదో చూడటానికి మిస్త్రీ కావాలి. ఇకనుంచి ముక్కుతో కాదు, కళ్లతో చూడండి."

నీలకంఠం మిగిలిన ఆరు రోజుల ట్రయల్‌కీ ఒప్పుకున్నాడు.

"అయితే ఆ మిస్త్రీవి నువ్వేరా!" అన్నాడు ఆదిబాబు.

"నాను సరేగానీ," గుడ్డ అతని చేతిలో పెట్టాడు అసిరయ్య, "ముందు నీ సెవులు తుడుసుకో."