పూజలో పెట్టిన పానాలు

వేంపల్లె తిమ్మయ్యకు చీనీతోట, రెండు బోర్లు, ఒక్కగానొక్క కొడుకు భూపేష్. నీళ్లు పడతాయో లేదో తెలియని బోరు వేయించేటప్పుడు కూడా ఆయన ఇంత తికమక పడలేదు. కొడుక్కి కడపలో డిగ్రీ సీటొచ్చింది, ఐటీఐలో డీజిల్ మెకానిక్ సీటూ వచ్చింది. దసరా మరునాటికల్లా ఎక్కడో ఒకచోట చేరాలి. "యాడ చేరతావురా?" అంటే వాడు "నీ ఇష్టం నాయనా" అంటాడు. ఆ ఇష్టమేదో తెలిస్తే ఆయనకూ నిద్ర పట్టేది.

అడిగినవాళ్లంతా తలోమాటా చెప్పారు. డిగ్రీ చదివినోడు పెట్రోలు బంకులో పైపు పట్టుకున్నాడని ఒకరు, మెకానిక్కుకు పిల్లనెవరిస్తారని ఇంకొకరు. బావమరిది శేషన్నయితే పొద్దున డిగ్రీ అని, సాయంత్రం టీ తాగాక ఐటీఐ అన్నాడు. తిమ్మయ్య బుర్ర దిమ్మెక్కింది.

దసరా నాడు ఆయుధపూజ వేళ ఆయనకో గొప్ప ఆలోచన తట్టింది. ఆ ఇంట్లో పూజలో పెట్టిన వస్తువును మర్నాడు పొద్దున దాకా ఎవరూ ముట్టరు. వేసవిలో ట్రాక్టర్ షెడ్డులో పని నేర్చుకుంటూ కొడుకు కూడబెట్టుకున్న నట్లు బిగించే పానాల పెట్టె, వాడి ఇంటర్ పుస్తకాలు, రెండూ తెచ్చి పటం ముందు పెట్టి కుంకుమ అద్దాడు. ముట్టకూడదంటే దేనివైపు వాడి మనసు లాగుతుందో చూద్దామని ఎత్తు. భార్య నాగలక్ష్మమ్మకు చెవిలో చెప్పి మీసం దువ్వుకున్నాడు.

ఇంక ఆ రోజంతా కాపలా. వాడు లేస్తే ఈయన లేచాడు. వాడు బొరుగులు తింటుంటే ఈయన తలుపు చాటు నుంచి చూశాడు. భూపేష్ పుస్తకాల వైపు పోలేదు, పానాల వైపూ పోలేదు. సెల్లు చూసుకుంటూ, మధ్యమధ్యలో తండ్రి వంక చూస్తూ పొద్దుపుచ్చాడు. సాయంత్రానికి తిమ్మయ్య ఉండబట్టలేక కొడుకు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏం రా, రెండిట్లో ఒక్కదాన్నన్నా తలుసుకోలేదే! నీకేదీ వద్దా?"

"నువ్వేమో నన్నే చూస్తాండావు. నువ్వు దేని తిక్కు చూస్తావో అందులో చేరదామని నేను నిన్ను చూస్తాండా నాయనా."

తిమ్మయ్య పటం ముందు చతికిలబడ్డాడు. పుట్టినప్పటి నుంచీ వాడు తన మొహం చూసే అడుగేస్తున్నాడు. అదే మంచి పెంపకమని తాను ఊరంతా చెప్పుకున్నాడు. ఇప్పుడు సిగ్గేసింది.

మర్నాడు పొద్దున కొడుకును పటం ముందు నిలబెట్టి, తాను గోడకు మొహం పెట్టి నిలబడ్డాడు.

"ఇదేం పనయ్యా, బడిలో అయివారు నిలబెట్టినట్ల?" అంది నాగలక్ష్మమ్మ.

"నువ్వూ తిరుక్కో మే. అబ్బీ, నీకేది కావాల్నో అది తీసుకో. మా మొగాలు చూడొద్దు."

తిరిగి చూడాలని మెడ ఒకటే పీకింది. ఓర్చుకున్నాడు. చివరికి ఇనుము గలగలమంది. గుండె జారిందో కుదుటపడిందో ఆయనకే తెలియలేదు.

"పానాలేనా?" అన్నాడు గోడతో.

"పానాలే. చేరేదానికి పోతాండా నాయనా."

ఆ మాట వెనక 'నీ ఇష్టం' లేదు. తిమ్మయ్య ఇటు తిరిగేసరికి వాడు గడప దాటాడు. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.